రెండు క్రెడిట్ల ఆకాశం

జూలై ఉక్కలో నోటీసు బోర్డు ముందు
ఒకరి భుజం మీంచి ఒకరం చదువుతున్నాం.
మెటలర్జీ వాళ్లు ఒక్క పేపరైనా
పక్క డిపార్ట్‌మెంట్‌లో తీసుకోవాలట.
సినిమాలు చూపించే కోర్సు పొద్దున్నే నిండిపోయింది.
ఈతకి టోపీ, కళ్లద్దాలు, డాక్టరు చీటీ కావాలి.
విపత్తుల నిర్వహణకి మూడు అసైన్‌మెంట్లు, ఒక సెమినారు.
విపత్తంటే అదే.

చిట్టచివర, ఎవరి చెమట వేలికో సగం చెరిగిన గీతలో
మేఘ పరిశీలన, రెండు క్రెడిట్లు, పరీక్ష లేదు.
చక్రధర్ నా వీపు మీద చరిచాడు:
"ఒరే, తల పైకెత్తితే ఏ గ్రేడు,
దించితే బీ. ఇంకేటి కావాలి నీకు?"

నిద్రపోవచ్చని చేరాను.

సాయంత్రం నాలుగింటికి మేడ మీద క్లాసు.
పదకొండు మందిమి, ఒక నీళ్ల ట్యాంకు,
దాని నీడ కోసం రోజూ కొట్లాట.
కుడివైపు డాల్ఫిన్ నోస్, ఎడమవైపు కైలాసగిరి,
మధ్యలో హార్బరు పిలుపు కోసం
మెస్సు ముందు మాలాగే వరస కట్టిన ఓడలు.
సుభాషిణి మేడం పాఠం చెప్పరు.
గొడుగు మడిచి పిట్టగోడకి ఆనించి
"చూడండి" అంటారు.
రోజుకి ఒక్క వాక్యం రాయాలి.
రెండు రాస్తే ఒకటి కొట్టేస్తారు.

మొదటి రోజు రాశాను: తెల్లగా ఉంది.
రెండో రోజు: నిన్నటిలాగే.
పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాలు:
నిన్న ఎలా ఉంది?

సూరాడ నూకరత్నం నా పక్కన కూర్చునేది.
పెద జాలరిపేట నుంచి నడిచే వచ్చేది.
నువ్వెందుకు తీసుకున్నావని అడిగాను.
"సుళువని. మాయ్య తెల్లారగట్ల రోజూ రాసే పరీచ్చే కదేటి ఇది.
తప్పితే పోయేది మార్కులు కాదు గానీ."
అని నవ్వింది.
నేనూ నవ్వాలో లేదో తెలీక
చెప్పు పట్టీ సరిచేసుకున్నాను.
ఆ రోజు ఆమె పుస్తకంలోకి తొంగి చూశాను:
కొండగాలి ఆగింది, పడవలు ఒడ్డునే.
మేఘం ఊసే లేదు. మేడం కొట్టేయలేదు.

అక్టోబరులో ఇంటర్నల్స్.
అయిదు రోజులు మేడ ఎక్కలేదు.
శనివారం రాత్రి హాస్టల్ మంచం మీద బోర్లా పడుకుని
అయిదు వాక్యాలూ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో:
సోమవారం దూదిపింజలు.
మంగళవారం దూదిపింజలు, కాస్త ఎక్కువ.
బుధవారం బూడిదరంగు, చదునుగా.
గురువారానికి ఏమీ తోచక వెల్లకిలా తిరిగితే
ఫ్యాను పక్కన గోడలోకి దిగిన చెమ్మ మరక కనిపించింది.
దాన్నే ఎక్కించాను:
పడమట పెద్దది, అంచులు పసుపు, తోక ఉంది.
శుక్రవారం వాన పడొచ్చు.

పుస్తకం తిరిగొచ్చింది.
నాలుగు రోజుల పక్కన ఏమీ లేదు.
గురువారం పక్కన:
ఆ రోజు ఒక్క మేఘం కూడా లేదు. నేనూ చూశాను.

తిట్టలేదు. మార్కు కోసినట్టు గీత కూడా లేదు.
పిట్టగోడ దగ్గర గొడుగు పక్కన
ఆవిడొక్కరే నిలబడి
ఖాళీ ఆకాశాన్ని గంటసేపు చూసి ఉంటారని
నాకు మెస్సులో పెరుగన్నం కలుపుతుంటే తట్టింది.
ముద్ద దిగలేదని చెప్పను.
దిగింది. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

థర్మోడైనమిక్స్‌లో ఏ వచ్చింది.
ఇందులో బీ.
చక్రధర్ ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాడు
"ఏరా, తల దించీసావా?"

ఇప్పుడు స్టీల్ ప్లాంటులో షిఫ్టులు.
కోక్ ఓవెన్ల మీద నీళ్లు గుమ్మరించినప్పుడు
తెల్లటి ఆవిరి కొండంత లేస్తుంది.
కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఫొటోలు తీస్తారు.
దాన్ని మేఘమని రాయను.
ఒకసారి రాశాను, చాలు.

టీ విరామంలో షెడ్డు దాటి బయటికొస్తాను.
హెల్మెట్ తీస్తే గానీ పైకి కనపడదు.
ఫోన్‌లో రోజుకి ఒక్క వాక్యం.
రెండు వస్తే ఒకటి కొట్టేస్తాను.

ఇవాళ్టిది:
గంగవరం వైపు ఒకటే ఉంది, పేరు తెలీదు, టీ చల్లారేదాకా కదల్లేదు.